కాలి కడియము చెప్పిన కథ

ఆకాశమున బారులు తీరి సాగిపోవు పక్షులను చూచి మనము ఆనందింతుము. అందులో ఫలానా పక్షి నిరుడు మన ఊరి చెరువునకు వచ్చినదేయని మాత్రము చెప్పజాలము. ఒక కొంగకును మరియొక కొంగకును గల భేదము మన కంటికి ఆనదు. నలుని హంసవలె తన రాకపోకల వృత్తాంతము తానే చెప్పుకొను పక్షి కావ్యములో ఉన్నది కాని లోకములో లేదు. అందుచేత పక్షుల ప్రయాణములను గూర్చి మానవుడు వందల ఏండ్లు ఊహలతోనే కాలము గడిపినాడు. చలికాలమున కనబడకుండ పోవు స్వాలో పిట్టలు చెరువుల అడుగున బురదలో నిద్రించుచుండునని యూరపు ఖండములో పండితులు సైతము నమ్మిన దినములున్నవి.

ఈ చిక్కును విడదీసిన ఉపాయము చాల చిన్నది. డెన్మార్కు దేశమున వీబోర్ అను పట్టణములో బడిపంతులుగా ఉన్న హాన్స్ క్రిస్టియన్ మార్టెన్‌సెన్ 1890లో పిట్టల కాళ్లకు జింకు రేకు కడియములు తొడిగి చూచినాడు. అవి ఆ చిన్న కాళ్లకు బరువైనవి. పిదప 1899లో అల్యూమినియముతో తేలికయైన కడియములు చేసి, వానిపై అంకెలును చిరునామాయు చెక్కి, మన గోరువంకకు చుట్టమైన స్టార్లింగు పక్షులను 165 పట్టి తొడిగి విడిచిపెట్టినాడు. పక్షుల చరిత్రలో కొత్త శకము ఆ బడిపంతులుతో ఆరంభమైనదనవచ్చును. పదేండ్లకు, 1909లో, లండనులో హ్యారీ విదర్‌బీ అను ప్రచురణకర్త ఇట్టి కడియములను దేశమంతట పంచిపెట్టు ఏర్పాటు చేసినాడు. 1911లో ఇంగ్లండులో ఒక న్యాయవాది తన ఇంట గూడు కట్టిన స్వాలో పిట్టకు అట్టి కడియమొకటి తొడిగినాడు. 1912 డిసెంబరులో అది దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతమున ఒక రైతు ఇంట దొరికినదని లండనుకు ఉత్తరము వచ్చినది. చెరువు బురద కథను విద్వాంసులు అంతకుముందే విడిచిపెట్టినారు. కాని ఆ పిట్టలు చలికాలము ఎక్కడ గడుపునో ఆ ఉత్తరముతో రూఢియైనది.

మన దేశములోను ఈ పని జరుగుచున్నది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు తొడుగు కడియములపై ఆ సంస్థకు తెలుపవలసినదని ఇంగ్లీషులో చెక్కియుండును. చచ్చిపడిన పక్షి కాలికి అట్టిది కనబడినచో దానిపై అంకెను వ్రాసి పంపుట ఒక ఉత్తరముతో తీరిపోవు పని.

అయితే కడియము తొడుగుట ప్రశ్న వేయుట మాత్రమే. ఆ పక్షి రెండవమారు ఎవరి కంటనైన పడినప్పుడు గాని జవాబు రాదు. చెట్లపై తిరుగు చిన్న పిట్టలలో నూటికి ఒకటియు మరల దొరకదు. దొరికినను చచ్చి దొరకును. అప్పుడు తెలియునది పుట్టిన చోటును చచ్చిన చోటును మాత్రమే. నడుమ గడచిన బ్రదుకు తెలియదు. ఆ బ్రదుకు తెలియవలెనన్నచో ఏటేట తప్పక ఒకే చోటికి, ఒకే గూటికి, తిరిగివచ్చు పక్షి కావలెను. ఆ గూటివద్ద ఏటేట తప్పక కాచుకొని కూర్చుండు మనిషియు కావలెను. ఈ రెండును కలిసిన చోట్లలో స్కోఖోమ్ అను చిన్న దీవి ముఖ్యమైనది. శ్రోతలకు మేము చెప్పదలచినది ఆ దీవి కథయే.

వేల్సు దేశపు నైరుతి కొనలో, పెంబ్రోక్‌షైర్ తీరమునకు కొలది మైళ్ల దూరమున, అట్లాంటిక్ సముద్రములో ఈ దీవి ఉన్నది. వైశాల్యము సుమారు 250 ఎకరములు. మన పల్లెలలో ఒక మోతుబరి కమతమునకు మించదు. ఎర్రని ఇసుకరాతి కొండచరియలు, పైన పొట్టి గడ్డి, ఎడతెగని గాలి. చెప్పుకోదగిన చెట్టు లేదు. ఒక కొనపై 1916లో కట్టిన దీపస్తంభము. సముద్రము పొంగిన దినములలో పడవ ఒడ్డు చేరుట అసాధ్యము. ఇట్టి చోటికి 1927లో రోనాల్డ్ లాక్లీ అను ఇరువది నాలుగేండ్లు నిండని యువకుడు 21 సంవత్సరముల కౌలు వ్రాయించుకొని వచ్చినాడు. వచ్చినది పక్షుల కొరకే కాదు. దీవినిండ ఉన్న అడవి కుందేళ్లను తొలగించి, ఖరీదైన బొచ్చుగల చించిల్లా కుందేళ్లను పెంచి, ఆ ఆదాయముతో బ్రదుకవలెనని ఆయన పథకము. అడవి కుందేళ్లు తొలగలేదు, బొచ్చు వ్యాపారము సాగలేదు. (ఆ కుందేళ్లే ఆయనకు మరియొక విధముగా అక్కరకు వచ్చినవి. వానిపై ఆయన 1964లో వెలువరించిన పుస్తకము ఆధారముగనే రిచర్డ్ ఆడమ్స్ కుందేళ్ల నవల వ్రాసి కీర్తి గడించినాడు.) 1928లో బొగ్గు మోయుచున్న ఆలిస్ విలియమ్స్ అను తెరచాప ఓడ దీవి రాళ్లకు కొట్టుకొని పగిలినది. దాని కలపతో లాక్లీ కూలిపోయిన ఇంటిని బాగుచేసుకొన్నాడు. దాని బొగ్గు పొయ్యిలోనికి వచ్చినది. ఆ ఇంటికి భార్యను తెచ్చుకొని కాపురము పెట్టినాడు.

కాపురము పెట్టిన పిదప తెలిసినది, ఆ దీవిపై తమకంటె ముందు కాపురమున్నవారు వేలకొలదిగా ఉన్నారని.

ఈ పక్షిని ఇంగ్లీషులో మాంక్స్ షియర్‌వాటర్ అందురు. అలల తలలను రెక్క కొనతో కోసుకొనుచు పోవునదగుటచే ఆ పేరు వచ్చినది. వీపు నలుపు, పొట్ట తెలుపు; బరువు 400 గ్రాములు, రెక్కలు చాచినచో ముప్పాతిక మీటరునకు పైబడి ఉండును. గాలిలో దీనికి సాటి వచ్చు పక్షులు కొద్ది. నేలపై మాత్రము దీని అవస్థ జాలి గొలుపును. కాళ్లు దేహమునకు బాగుగా వెనుక అమరియుండుటచే నిలువలేదు, పొట్టతో పాకవలెను. నల్లవీపు గల్ పక్షులు దీనిని పగటివేళ చూచినచో చీల్చి తినును. కావున ఇది కుందేటి బొరియలలోనో, తాను త్రవ్వుకొన్న బొరియలలోనో గుడ్డు పెట్టి, చీకటి పడిన పిదపనే ఒడ్డునకు వచ్చిపోవును. వెన్నెల రాత్రులలో రాక చాల తక్కువ. అమావాస్యనాడు గాలితో వాన కూడ ఉన్నచో దీవి అంతయు వీని అరపులతో దద్దరిల్లును. ఆ అరపు పక్షి కూతవలె ఉండదు. గొంతు నులిమినప్పుడు వచ్చు ఆక్రోశమువలె ఉండును. స్కాట్లండు పడమటనున్న రమ్ దీవిలో ఈ పక్షులు గూళ్లు కట్టు కొండకు పూర్వపు నార్స్ నావికులు భూతముల కొండయని పేరు పెట్టినారు. వారిని మనము తప్పుపట్టనక్కర లేదు.

పగలు సముద్రములో, రాత్రి భూమి లోపల గడుపు ఈ ప్రాణి సంసారమును చూచుట ఎట్లు? లాక్లీ చేసినది మన ఇండ్లలో పాతరకు మూత పెట్టుట వంటి పని. గూడు ఉన్న చోటికి సరిగా పైన గడ్డిపెళ్లను చతురస్రముగా కోసి, దానినే మూతగా అమర్చి, ప్రతిదినము ఎత్తి చూచి మరల మూసివేసెడివాడు. అట్లు 1929లో ఆయన చేతికి వచ్చిన ఒక జంటకు కడియములు తొడిగి, ఆడదానికి ఆడా అనియు, మగదానికి ఆడమ్ అనియు పేర్లు పెట్టినాడు. శాస్త్రజ్ఞులలో కొందరు ఇట్లు పేర్లు పెట్టుటను పిల్లచేష్టగా భావింతురు. మా అభిప్రాయము వేరు. రూపములో భేదము లేని రెండు పక్షులలో నేడు గుడ్డుపై కూర్చున్నది ఎవరని అడుగగలుగుటయే ఆ పనికి ప్రాణము. అంకె అయినను పేరైనను చేయు మేలు అదియే.

నేడు ఆడా, ఇంకను ఆడాయే, మరునాడును ఆడాయే, ఆరవనాటికి ఆడమ్. ఇట్లు దినదినము వ్రాసుకొనగా బయటపడినదేమనగా, దంపతులిద్దరును వంతులవారీగా గుడ్డును పొదుగుదురు. ఒక్కొక్క వంతు కొన్ని దినములు సాగును. వంతు తీరువరకు కూర్చున్న పక్షికి తిండి లేదు. ఏటికి గుడ్డు ఒక్కటే. అది పిల్లయగుటకు సుమారు 51 దినములు పట్టును. కోడిగుడ్డునకు ఇరువది యొక్క దినములు చాలునని మన ఇల్లాండ్రెరుగుదురు; ఇంత చిన్న పక్షికి ఇంత దీర్ఘమైన పొదుగుడు ఆశ్చర్యకరము. పిల్ల బొరియలో కూర్చుండి తల్లిదండ్రులు రాత్రులందు తెచ్చు నూనెవంటి చేపరసము త్రాగి వారికన్న బరువెక్కును. రెండు నెలలు నిండుసరికి వారు రాక మానివేయుదురు. అది కొన్ని దినములు ఉపవాసముండి, క్రొవ్వు కరిగి, రెక్కలు ముదిరి, ఒకనాటి రాత్రి ఒంటరిగా బయలుదేరి పోవును. దారి చూపువారు లేరు. పోవునది భూగోళపు రెండవ అర్ధమునకు. ఆ మరుసటి వసంతమున ఆడాయు ఆడమును ఆ బొరియకే తిరిగివచ్చిరి. కడియము లేకున్నచో అది ఎవరో కొత్త జంటయని లోకము అనుకొనియుండును.

లాక్లీ దీవిపై పని ఒక్క జంటతో ఆగలేదు. 1933లో అక్కడ ఒక పక్షి పరిశీలనశాల వెలసినది. బ్రిటనులో ఆ విధమైనవానిలో అదియే మొదటిది. వేసవిలో స్వచ్ఛందముగా వచ్చినవారు లాంతరు పట్టుకొని రాత్రంతయు తిరిగి, పాకుచున్న పక్షులను చేతితో పట్టి, కడియము తొడిగి విడిచెడివారు. కొరుకుడునకు వ్రేళ్లు చిట్లుట ఆ పనిలో మామూలు. పిదప ఉత్తరములు రాసాగినవి. పిల్లలను పెంచు ఋతువులో ఈ పక్షులు ఇంటి చుట్టును ఉన్న సముద్రములోనే మేయునని అనుకొనుచుండగా, ఫ్రాన్సు, స్పెయిను తీరములనుండి, బిస్కే అఖాతపు చేపలవారి వలలనుండి స్కోఖోమ్ కడియములు వచ్చినవి. చలికాలపువి బ్రెజిలునుండియు, అర్జెంటీనానుండియు వచ్చినవి. ఒక పిల్ల బొరియ విడిచిన కొలది వారములకే బ్రెజిలు ఒడ్డున దొరికినది. 1960లో దీవిపై కడియము వేసిన పిల్ల ఒకటి 1961 నవంబరులో దక్షిణ ఆస్ట్రేలియా తీరమున తేలినది. అది దారి తప్పినదే కావచ్చును. ఈ ఉత్తరములలో నూటికి తొంబదిపాళ్లు మరణవార్తలే యని మరువరాదు. పటముపై మనము గుర్తించు ప్రతి చుక్కయు ఒక పక్షి చచ్చిన చోటు.

ఇంత దూరము పోయినది దారి ఎట్లు తెలిసికొని వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు జవాబు కొరకు వేచియుండక, పక్షినే తీసికొనిపోయి దూరమున విడిచి చూచు ప్రయోగములు 1936లో ఆరంభమైనవి. అప్పుడు డెవన్‌లో ఉపాధ్యాయుడుగా ఉన్న డేవిడ్ లాక్ (డార్విన్ పిట్టలను గూర్చిన గ్రంథముతో పిదప ప్రసిద్ధుడైనవాడు ఈయనయే) స్కోఖోమ్ పక్షులను కొన్నింటిని పెట్టెలో పెట్టుకొనిపోయి ఇంగ్లండు దక్షిణ తీరమున విడిచినాడు. అందులో కెరొలైన్ అను పేరుగలది, సముద్రము వెంట చుట్టి వచ్చినచో 225 మైళ్ల దారి, ఆనాటి అర్ధరాత్రికి ముందే బొరియ చేరినది. మరుసటి ఏడు వెనిస్ నగరమున విడిచినది రెండు వారములలో వచ్చినది. ఇటలీనుండి వేల్సునకు నేరుగా రావలెనన్నచో ఆల్ప్స్ పర్వతములు అడ్డము; సముద్రము విడువక వచ్చినచో జిబ్రాల్టర్ చుట్టి వేల మైళ్లు. ఏ దారిన వచ్చినదో దానికే ఎరుక.

1952 నాటి ప్రయోగము అన్నింటికన్న పేరు పొందినది. బోస్టన్ సింఫనీ వాద్యబృందములో క్లారినెట్ వాయించు రొజారియో మజియో ఆ ఏడు దీవికి అతిథిగా వచ్చి, తిరిగిపోవుచు రెండు షియర్‌వాటర్లను పెట్టెలో పెట్టుకొని రైలులో లండనుకును, విమానములో అమెరికాకును తీసికొనిపోయినాడు. ప్రయాణములో ఒకటి చచ్చినది. ఎఎక్స్ 6587 అను సంఖ్యగల రెండవదానిని జూన్ 3వ తేదీన బోస్టన్ రేవు వద్ద విడిచినాడు. ఆ వార్త తెలుపుచు వ్రాసిన ఉత్తరము దీవికి ఇంకను చేరలేదు. జూన్ 16వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు బొరియలో చేయి పెట్టి చూడగా ఎఎక్స్ 6587 కూర్చునియున్నది. పట్టిన కాలము 12 దినముల 12 గంటల 31 నిమిషములు. దూరము మూడు వేల మైళ్లకు పైమాట. ఈ జాతి పక్షులు అమెరికా ఆ తీరమున ఆ కాలమున సామాన్యముగా కనబడవు. ఆ పక్షికి అది ఎరుగని చోటని భావించుట సమంజసము.

ఆ కథను విన్నవారందరును చప్పట్లు కొట్టుదురు. మాకును ఆశ్చర్యమే. కాని పెట్టెలో చచ్చిన రెండవ పక్షిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఆ పక్షికి ఒక జత ఉండియుండును. వంతు మార్చుకొనుటకు రావలసినవారు రాకున్నచో గుడ్డుపై కూర్చున్నది ఆకలికి తాళలేక ఒకనాడు లేచి పోవలసినదే. ఒక ప్రశ్నకు జవాబు తెచ్చినదను కారణముచే ఆ నష్టము సున్న కాదు. తన చేతిలో పక్షి చచ్చినప్పుడు దానిని లెక్కపుస్తకములో వ్రాయువాడు నిజాయితీపరుడు. చచ్చినది ఒకటియని మనకు నేడు తెలియుటకు కారణము వారు దాచకపోవుటయే. మరియు, బోస్టన్ పక్షి రెండు వారములలో చేసిన పనికన్న ఆడా ఆడముల మూతను దినదినము ఎత్తి చూచిన పనివలన కలిగిన జ్ఞానము ఎక్కువయని మా తలపు. మొదటిది వార్త, రెండవది చరిత్ర.

దారి తెలియు విధమును గూర్చి జెఫ్రీ మాథ్యూస్ 1950 తరువాతి సంవత్సరములలో స్కోఖోమ్ పక్షులను కేంబ్రిడ్జ్ మొదలైన లోతట్టు ప్రాంతములలో విడిచి పరీక్షించినాడు. సూర్యుడు కనబడు దినములలో అవి విడిచిన వెంటనే ఇంటి దిక్కునకు తిరిగినవి. మబ్బు కమ్మిన దినములలో తలకొక దిక్కుగ పోయినవి. సూర్యుని గమనమునుబట్టి అవి తామున్న చోటును లెక్కించుకొనునని ఆయన ప్రతిపాదించినాడు. ఆ సిద్ధాంతము తరువాత నిలువలేదు. 2013లో ప్రకటితమైన మరియొక ప్రయోగములో, అజోర్స్ దీవుల షియర్‌వాటర్లలో వాసన పట్టు శక్తిని పోగొట్టినవి సముద్రముపై దారి తెలియక తిరుగాడినవి. తలకు అయస్కాంతము కట్టినవి మాత్రము చక్కగా ఇల్లు చేరినవి. సముద్రమునకు చోటుచోటునకు వేరు వాసన ఉండునేమో, మనకు ఎరుక లేదు కాని వానికి ఉన్నది.

1940లో యుద్ధము మూలమున లాక్లీ కుటుంబము దీవి విడిచినది. 1946లో పరిశీలనశాల తిరిగి తెరువబడినది. ఆ తరువాతి ముప్పది ఏండ్లు స్కోఖోమ్‌నకు పంటకాలము. వేలకు వేలు కడియములు తొడిగినారు. మైక్ హారిస్ 1960 తరువాత కొన్ని జంటల బొరియలలో రెండవ పిల్లనుంచి, ఏటికి ఒక్క గుడ్డే ఎందుకు పెట్టునో పరీక్షించినాడు. రెండింటిని పెంచి పెద్దచేయుట ఆ దంపతులకు చాలవరకు శక్తికి మించిన పని అయినది. ఎదిగిన పక్షులలో ఒక ఏడు బ్రదికినవి మరుసటి ఏడు చూచుట నూటికి తొంబది వంతులని ఆయనయు, క్రిస్ పెరిన్సును, మరియొకరును కలిసి 1973లో ప్రకటించినారు.

అంత ఆయువుగల పక్షికి తగిన కడియము లేకపోవుట ఒక విచిత్రమైన చిక్కు. బొరియ రాళ్లపై కాళ్లీడ్చి నడచుటచేతను, ఉప్పునీటిచేతను అల్యూమినియము కొలది ఏండ్లలో అరిగి అంకెలు చెరిగిపోయెడివి. పక్షి బాగుగనే ఉండెడిది, దాని పేరు రాలిపోయెడిది. గట్టి మిశ్రలోహములు వచ్చిన పిదప గాని అసలు వయస్సులు బయటపడలేదు. ఉత్తర ఐర్లండులోని కోప్లండ్ దీవిపై 1953లో కడియము వేసిన ఎదిగిన పక్షి 2003లో మరల చేతికి చిక్కినది. కడియము వేసినప్పుడే అది ఎదిగినదగుటచే యాబది దాటిన వయస్సు. తొడిగినవాడు యువకుడైనచో చూచునాటికి వృద్ధుడగును.

కనుకనే 1976లో జరిగినది చిన్న విషయము కాదు. దీవి యజమానుల నిర్ణయమునుబట్టి ఆ ఏడు కడియములు తొడుగు పని నిలిచిపోయినది. ఎవరిని తప్పుపట్టుటకును మేము ఈ మాట చెప్పుట లేదు. రాత్రివేళ పక్షులను పట్టుకొనుట వానికి బాధయని తలచువారి మాటలోను సత్యమున్నది. కాని పక్షులు రావడము మానలేదు, అడుగువారు మానినారు. 1970లో పుట్టిన పిల్ల 1990లో ఏ బొరియలో ఉన్నదో, ఎన్ని పిల్లలను పెంచినదో, ఏ తుఫానులో పోయినదో ఆ దీవిపై ఇక ఎన్నటికిని తెలియదు. ధనము వెచ్చించి రేపు మరల ఆరంభింపవచ్చును. పోయిన ముప్పది ఐదు ఏండ్ల రాత్రులను కొనితెచ్చుట సాధ్యము కాదు.

పొరుగుననున్న స్కోమర్ దీవిలో ఈ లోపల పని సాగినది. అక్కడి పక్షుల కాళ్లకు రెండున్నర గ్రాముల యంత్రములను అమర్చి, అవి అర్జెంటీనా తీరము వరకు పోయి మరియొక దారిన తిరిగివచ్చు విధమును 2009లో ప్రకటించినారు. చనిపోయిన పక్షుల కడియములు చుక్కలుగా చూపిన దారిని బ్రదికిన పక్షులు గీతగా గీచినవి. ఆ గీత ఆ చుక్కల మీదుగనే పోయినది.

లాక్లీ 1970లో న్యూజీలండ్ పోయి అక్కడ 2000లో మరణించినాడు. 2006లో స్కోఖోమ్‌ను వన్యప్రాణి సంరక్షణ సంస్థవారు కొన్నారు. పాడుపడిన ఇంటిని స్వచ్ఛందముగా వచ్చినవారు బాగుచేసినారు. కడియముల పని తిరిగి మొదలై, 2014లో దీవికి పక్షి పరిశీలనశాలగా గుర్తింపు మరల లభించినది. అక్కడ పక్షులను లెక్కించు విధము రేడియో వినువారికి వింతగా తోచును. పగటిపూట ప్రతి బొరియ ముఖమున రికార్డు చేసిన షియర్‌వాటర్ అరపును వినిపింతురు. లోపల కూర్చున్న పక్షి బదులు పలికినచో ఇల్లు నిండినదని వ్రాసికొందురు, పలుకని వాటికి ఒక పాలు చేర్తురు. అట్లు 2018లో తేలిన లెక్క సుమారు 90 వేల జంటలు. గుర్తింపు తిరిగి వచ్చిన 2014 నాటి పిల్లలలో బ్రదికినవి ఇప్పటికి జత కూడి, తమ బొరియలలో వంతులవారీగా గుడ్లను పొదుగు వయస్సునకు వచ్చియున్నవి.